అయస్కాంతానికి ఆదివారం లేదు

మునక 33వ ఏడు, అక్టోబరు 4, సోమవారం

నిన్న మధ్యాహ్నం ఆరాధన నడుస్తుండగానే గాలిచక్రం మూలిగింది. నేను విన్నాను. సంఘమంతా విన్నది. ముందు వరసలో దెబోరమ్మ కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నది. నేను గొంతు పెంచి బోధ కొనసాగించాను. ఆదివారం ఏ చెయ్యీ చక్రం కింది కరెంటు పెట్టె మీద పడకూడదు. అది నేను పెట్టిన కట్టడే.

ఈ పొద్దున గంట కొట్టి, తాళం తీసి చూస్తే నాలుగో తలుపు నల్లగా మాడి ఉంది. కాలిన చేపపొలుసు వాసన.

నా తర్వాత ఈ పుస్తకం పట్టేవారు ఎవరైనా సరే, వినండి. చక్రం కడుపులో ఉన్నది అయస్కాంతం. అది తిరిగితే కరెంటు పుడుతుంది. కాని అది రెండు మనసుల కరెంటు. ఒక క్షణం ముందుకు, మరుక్షణం వెనక్కు, ఆటుపోట్లలాగా. బ్యాటరీలు అలాంటిదాన్ని తాగవు. అందుకే చక్రం నుంచి దిగే మూడు తీగలకూ రెండేసి చొప్పున ఆరు డయోడ్లు. మేం తలుపులంటాం. ముందుకు వచ్చేదాన్ని పోనిస్తాయి, వెనక్కి మళ్లేదాన్ని అడ్డుకుంటాయి. ఊగిసలాడే ప్రవాహం ఈ పెట్టె దాటాక ఒకే దారిన నడుస్తుంది. ఇరుకు ద్వారం గురించి ఇంతకంటే మంచి ఉపమానం ఏ బోధకుడికైనా దొరుకుతుందా? పదకొండేళ్లలో దీని మీదే నలభై సార్లు బోధించి ఉంటాను.

గుడ్డసంచిలో నాలుగు డయోడ్లు మిగిలాయి. ఒకటి బిగించాను. ఇక మూడు. కొత్తవి ఎక్కడా తయారు కావు. తెచ్చే పడవ వచ్చి రెండేళ్లయింది. ఇవి అయిపోతే బ్యాటరీలు ఎండుతాయి, మంచినీళ్ల మిషను ఆగుతుంది. మునకలో ఊళ్లన్నీ సముద్రం పాలయ్యాక చుట్టూ కనుచూపు మేర నీళ్లే. ఈ మెట్ట మీద నూట పన్నెండు మందికి తాగేందుకు ఒక్క చుక్క ఉండదు.

మెట్ట అని మేం మురిపెంగా పిలుచుకుంటాం గాని, ఇది పూర్వం ఎవరో గ్యాసు తవ్వుకున్న ఇనప అరుగు. నాలుగు తుప్పు కాళ్ల మీద సముద్రంలో నిలబడి ఉంది.

పుస్తకంలో నాలుగు గడులు: తేదీ, గాలి, చచ్చిన తలుపు, కారణం. చివరి గడిలో ఇలా రాశాను: ఆదివారపు పని. చేసినవారు తెలియరాలేదు.

ఆగస్టు దాకా ఆ గడిలో పేరు రాసేవాణ్ణి. సలోమి.

అక్టోబరు 7, గురువారం

నీళ్ల వరస. తలకు నాలుగు చెంబులు. దెబోరమ్మ ముంతతో కొలిచి పోస్తుంది. ఆమె చేతిలో కొలత అటూ ఇటూ జరగదు. నాకైనా అంతే.

సలోమి వంతు రాగానే దెబోరమ్మ బిందె తాకకుండా ఎత్తు నుంచి పోసింది. చుక్కలు చిందాయి. సలోమి వాటిని మోచేత్తో తుడిచి మొహానికి రాసుకుంది.

సలోమి నా అక్క కూతురు. అక్షరాలు నేనే నేర్పాను, ఈ వాక్యగ్రంథం ఒడిలో పెట్టుకునే. స్క్రూడ్రైవరు పట్టడం మాత్రం తనంతట తానే నేర్చుకుంది. పెట్టె బాగోగులన్నీ తనవే. ఆగస్టులో ఒక ఆదివారం చక్రం మూలుగుతుంటే ఆరాధన మధ్యలో లేచి వెళ్లి, మీటరు పట్టుకుని పెట్టె దగ్గర దొరికింది. దేవుని మందసం మీద చెయ్యి వేసినవాడు అక్కడికక్కడే ఎలా చచ్చాడో ఆ రోజు గర్జించి చెప్పాను. ప్రభువు రొట్టె పంచుకునే బల్లకు దూరం పెట్టాను. మా కట్టడ ప్రకారం బల్లకు దూరమైన చెయ్యి పెట్టెకూ దూరం. అప్పటి నుంచి డయోడ్లు నేనే బిగిస్తున్నాను.

బిందె చంకనెత్తుకుని నా ముందు ఆగింది.

"అయ్యగారూ, గాలి ఎంతుందో పుస్తకంలో రాత్తన్నారా?"

ఇంట్లో మావయ్యా అనేది. పది వారాలుగా అయ్యగారే.

"రోజూ రాస్తున్నాను."

"రాయడం కాదండి, చదవండి."

వెనక నిలబడ్డ పోలయ్య పకపకా నవ్వాడు. పోలయ్య నాకు వరసకు బావ. గంగమ్మను కొలుస్తాడు, నా ఆరాధనకు రాడు. మెట్ట మీద నాకు భయపడని మనిషి ఇతనొక్కడే.

"బావా, ఎవురిదా పాపం అని ఎతుకుతున్నావంట కదా. మొన్న ఆదోరం నేను గెడ్డం గీసుకున్నాను. అదే అయ్యుంటాది. రాసుకో."

"నువ్వు నా సంఘం కాదు."

"అయితే నా గెడ్డానికి కరెంటు ఆపే శక్తి లేదంటావా? ఎంత సిన్నసూపు బావా!"

వరసంతా నవ్వింది. దెబోరమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అక్టోబరు 11, సోమవారం

నిన్న రెండు తలుపులు చచ్చాయి. ఒకటీ, ఐదూ.

రెండు బిగించాను. ఇక ఒక్కటే ఉంది.

నీళ్లు తలకు మూడు చెంబులకు తగ్గించాను. నిన్న పొద్దున బోధలో, దోపుడు సొమ్ము డేరాలో దాచినవాడి కథ చెప్పాను. ఒక్కడి దొంగతనానికి జనమంతా యుద్ధంలో ఓడిపోయిన కథ. "మీలో ఎవరు? ఎవరి గుడారంలో ఉంది?" అని బల్ల గుద్దాను. గొంతు బొంగురుపోయింది. నా మాటలో నిప్పు ఉందని జనం అంటారు. ఉంది. ఆ నిప్పు ఎక్కడ అంటుకుందో ఈ రోజు నీళ్ల వరసలో చూశాను. నువ్వు ఆదివారం తల దువ్వుకున్నావంటే నువ్వు వల కుట్టావని ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. దెబోరమ్మ తన కోడలి మీద తానే వచ్చి నాకు చాడీ చెప్పింది. పిల్లాడికి ఆదివారం గంజి వెచ్చబెట్టిందట.

కారణం గడిలో రాయడానికి కలం పెట్టాను. ఎవరి పేరు రాయాలి? గంజి వెచ్చబెట్టిన తల్లి పేరా?

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

అక్టోబరు 13, బుధవారం

పోలయ్య తన గది ముందు వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను. ఎండుచేప ముక్క ఇచ్చాడు. ఇద్దరం నమిలాం.

"మా అయ్య లస్కరు, ఎరుగుదువా?" అన్నాడు.

ఎరుగుదును. మునక రాకముందు కాలవల మీద తూములకు కాపలా ఉండే లస్కర్లు ఉండేవారు. పోలయ్య తండ్రి మురుగుకాలవ సముద్రంలో కలిసే చోట తూము కాసేవాడు. ఆ తూముకు ఇనప తలుపులు. కాలవ నీళ్లు తోస్తే బయటకు తెరుచుకుంటాయి. పోటు వచ్చి సముద్రం తోస్తే మూసుకుంటాయి. ఉప్పునీరు చేలలోకి రాదు.

"అచ్చం మీ పెట్టెలో తలుపుల్లాగానే బావా. పోనిత్తాయి, రానివ్వవు. మా అయ్య చేతికింద పద్నాలుగు తలుపులు. ఒక ఏడు వరసగా మూడు ఇరిగాయి. పెద్ద ఆపీసరొచ్చి, తాగి పడుకున్నావా అని అరిసాడు. మా అయ్య ఏటన్నాడో తెలుసా? ఇరిగిన తలుపుని సూడకండి బాబూ, ఇరిగిన రోజుని సూడండి అన్నాడు. రిజిస్టరు తీసి సూపించాడు. మూడూ అమాస పోటుకే ఇరిగాయి. ఎనక నుంచి తోసే నీటికి తలుపు ఒక గీత దాకా ఆగుద్ది. ఆ గీత దాటితే ఆగదు."

"మాదీ అంతేగా. ఆదివారాలే చస్తున్నాయి. ఆ మాట రెండేళ్లుగా నేనే చెబుతున్నాను."

పోలయ్య వల కింద పెట్టాడు.

"అన్ని ఆదోరాలూనా?"

నేను లేచి నా గదికి వచ్చేశాను.

అక్టోబరు 14, గురువారం

ప్రార్థన మానేసి పుస్తకం చదివాను. మొదటి పేజీ నుంచి చదివాను, పదకొండేళ్లూ. నేను రాసినది నేనెప్పుడూ చదవలేదు. బోధించేవాడికి వినే అలవాటు ఉండదు.

గాలి లేని ఆదివారాల్లో ఒక్క తలుపూ చావలేదు. ఒక్కటీ. వల కుట్టినవాళ్లు ఆ ఆదివారాల్లో లేరా? తల దువ్వుకున్నవాళ్లు లేరా? గాలి వీచని రోజున మా పాపం ఎక్కడికి పోయింది?

ఇంకా ఉంది. మొదటి తొమ్మిదేళ్లలో గాలి ఎంత ఉన్నా ఏ ఆదివారమూ ఏ తలుపూ చావలేదు. చావులన్నీ ఈ రెండేళ్లవే. రెండేళ్ల కిందట ఏం జరిగిందా అని పేజీలు తిప్పాను. నా చేతిరాతలోనే ఉంది: "చక్రం బ్రేకు తుప్పు పట్టి బిగుసుకుంది. ఇక పనికిరాదు."

ఆ వాక్యం కింద గీత గీశాను.

నేను పెట్టిన కట్టడలో రెండు పనులు ఉండేవి. శనివారం సాయంత్రం బ్రేకు వేసి చక్రాన్ని ఆపడం. ఆదివారం తెల్లవారగానే పెట్టెకూ బ్యాటరీలకూ మధ్య ఉన్న మీట దించడం. విశ్రాంతి దినాన గాలి ఫలాన్ని మనం తీసుకోకూడదని. బ్రేకు పోయాక మొదటి పని ఆగిపోయింది. రెండోది మాత్రం నేను మానలేదు. తిరుగుతున్న చక్రం మీదే, వారం వారం, ప్రార్థన చేసి మరీ మీట దించాను.

భారం లాగే ఎద్దు నెమ్మదిగా నడుస్తుంది. కాడి తీసేస్తే పరుగెత్తుతుంది. తాగే బ్యాటరీలు లేక చక్రం వెర్రెత్తి తిరిగింది. అది ఎంత వేగంగా తిరిగితే తలుపుల మీద వెనక నుంచి తోపు అంత పెరుగుతుంది. గీత దాటింది. విరిగాయి. తలుపు విరిగి రెండు వైపులా తెరుచుకుంటే మూడు తీగలూ లోలోపలే ముడిపడి, చక్రం తనను తానే పట్టుకుని మూలుగుతుంది. ఆ మూలుగును నేను దేవుని కోపం అన్నాను.

పదిహేను తలుపులు. పదిహేనింటినీ నా చేత్తోనే చంపాను.

ఆగస్టులో ఆ పిల్ల మీటరు పట్టుకుని చూడబోయింది ఇదే.

అక్టోబరు 15, శుక్రవారం

సలోమి కింది అరుగు మీద చేపలు ఎండబెడుతోంది. నేను రావడం చూసి తల ఎత్తలేదు.

"చదివాను" అన్నాను.

ఒక చేపను తిరగేసింది. ఇంకొకటి తిరగేసింది.

"ఎంతదాకా?"

"బ్రేకు దాకా."

అప్పుడు చూసింది. ఆ చూపులో జాలి ఉంటుందనుకున్నాను. లేదు.

"తలుపు చచ్చిన మొదటి వారమే చెప్పాను అయ్యగారూ. మీటైనా ఎత్తి ఉంచండి, లేపోతే చక్రమైనా ఆపండి, రెండిట్లో ఒకటి అన్నాను. అయస్కాంతానికి ఆదివారం తెలీదన్నాను. మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. ఆడపిల్లకు అన్నీ తెలిసినట్టు మాట్లాడకూడదన్నాను. నవ్వుతూనే అన్నాను.

"అమ్మా, నేను..."

"క్షమాపణలు తరవాత. రేడియో విన్నారా? ఎల్లుండి పొద్దుటికి పెద్ద గాలి. మీట దించితే ఆరు తలుపులూ పోతాయి. మీ దగ్గిర ఒక్కటే ఉంది."

"అయితే మీట దించను."

"దించకపోయినా తిప్పలే. బ్యాటరీలు నిండిపోయాయంటే అవీ తాగవు. నిండిన చెరువుకి అలుగు ఉండాలి కదా? మనకి అలుగు లేదు."

అలుగు. ఎక్కువైన నీరు గట్టు తెంచకుండా పొర్లిపోయే దారి. పదకొండేళ్లు తలుపుల గురించి బోధించాను గాని, అలుగు గురించి ఒక్క మాట చెప్పలేదు.

"దేంతో కడతాం?"

చేప వాసన చేతులు కొంగుకు తుడుచుకుంది. "హీటర్ రాడ్లు. నీళ్లు కాచుకునేవి, మిగులు కరెంటు అవి తాగుతాయి. పాత సామాన్లలో ఎవరో ఒకరి దగ్గిర ఉంటాయి. మన ఇరవై బ్యాటరీల వరస బలం పాత ఇళ్ల కరెంటంతే, వాటి లెక్క సరిపోద్ది."

అక్టోబరు 16, శనివారం

మునిగిపోయిన ఇంటి నుంచి ప్రతి కుటుంబమూ ఏదో ఒకటి తెచ్చుకుంది. ట్రంకు పెట్టెల్లో ఇప్పటికీ ఉన్నాయి: తాళంచెవులు, పెళ్లి ఫొటోలు, రేషను కార్డులు, పనికిరాని ఫోన్లు. హీటర్ రాడ్లూ ఉన్నాయి. మెట్ట మీద నీళ్లు కాచుకునేంత కరెంటు ఎవరికీ లేదు, అయినా ఎవరూ పారేయలేదు. గడప గడపకూ తిరిగి అడిగాను. ఎందుకని అడిగితే ఉన్నమాట చెప్పాను. కొందరు ఇచ్చి తలుపు వేసుకున్నారు. కొందరు ఇవ్వకుండానే వేసుకున్నారు. సాయంత్రానికి పది రాడ్లు దొరికాయి.

దెబోరమ్మ దగ్గర ఒకటి ఉంది. వాళ్లమ్మది. ట్రంకులో చీరలో చుట్టి ఉండగా నేనే చూశాను.

"రేపు వాడతారా?" అంది.

"రేపే వాడాలమ్మా."

"ఆదివారమండీ."

"తెలుసు."

ట్రంకు మూత వేసింది.

పెద్ద ఇనప డ్రమ్ములో ఉప్పునీళ్లు పోసి, పది రాడ్లూ వేలాడదీసి, ఒక్కోదానికి ఒక స్విచ్చు పెట్టింది సలోమి. బ్యాటరీల మీటరు అద్దం మీద గీత గీయాలి, ముల్లు ఆ గీత దాటబోతే ఒక రాడ్డు వేయాలి, తగ్గితే తీయాలి. గీతకు ఎర్రరంగు లేదు. పోలయ్య తన గంగమ్మ దగ్గర నుంచి కుంకుమ తెచ్చి, నూనెలో తడిపి గీశాడు.

"అభ్యంతరమా బావా?"

"గియ్యి."

"అయ్యో, తిడతావనుకున్నానే. సరదా పోయింది."

సలోమి నాకు స్విచ్చు వేయడం నేర్పింది. "వెయ్యడం ఎలాగైనా వెయ్యండి. తియ్యడం మాత్రం టక్కున. మెల్లగా తీశారంటే నిప్పు సాగుద్ది. ముందుకీ వెనక్కీ ఊగే కరెంటైతే మధ్యలో ఒక్క క్షణం సున్నా అవుద్ది, అక్కడ తెగిపోద్ది. ఇది ఒకే దారిన పోయేది. తెగమంటే తెగదు."

నేను పదకొండేళ్లు పొగిడిన గుణమే అది. ఒకే దారిన పోయి, తెగమంటే తెగకపోవడం.

అక్టోబరు 17, ఆదివారం

ఉదయం 6. గంట కొట్టాను. గాలి అప్పుడే ఈల వేస్తోంది. సంఘం మీట గదిలోనే చేరింది. ఆదివారం ఆరాధన మొదలయ్యేది మీట దించడంతోనే. అందరూ నా చేతి వైపు చూస్తున్నారు.

దించలేదు. పుస్తకం తెరిచి చదివాను. గ్రంథం కాదు, ఈ పుస్తకమే. పదిహేను తేదీలు, పదిహేను గాలులు, పదిహేను కారణం గడులు. ప్రతి గడి దగ్గరా అక్కడ రాసి ఉన్నది చదివి, ఖాళీ ఉంటే ఖాళీ అని చెప్పి, "అబద్ధం, ఇది ఓలేటి తీతు చేసిన పని" అన్నాను. సలోమి పేరు పదకొండు సార్లు వచ్చింది. పదకొండు సార్లూ అన్నాను. తీతు నా పేరు.

దెబోరమ్మ లేచింది. తిన్నగా మీట దగ్గరకు వచ్చింది.

"తప్పుకోండి అయ్యగారూ. మీరు దించకపోతే నేను దించుతాను."

"అమ్మా, దించితే నీళ్లు ఉండవు."

"ఆయ్! నీళ్లు ఇచ్చేది దేవుడని ఎవరు చెప్పారండి? మీరు కాదూ?" ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "పదకొండేళ్లు ఆదివారం పొయ్యి ముట్టించనివ్వలేదు మీరు. మా అమ్మ పోయింది ఆదివారం. కడిగేటప్పుడు కాసిని వేన్నీళ్లు పెడతానంటే వద్దన్నారు. చన్నీళ్లతో కడిగానండి మా అమ్మని. మార్గశిరం చలిలో. ఒళ్లు గడ్డకట్టి ఉంది. దేవుడి కోసమే కదా అనుకుని కడిగాను. ఇయ్యాల మీరు డ్రమ్ముడు సముద్రం కాగబెడతారా?"

గోతిలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన పైకి తీయొచ్చని గ్రంథంలోనే ఉంది. ఆ మాట గుమ్మం దగ్గర పోలయ్య గొణిగాడు కూడా. కాని ఆమెతో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె తల్లి ఎద్దా?

"ఆ చన్నీళ్లు నా తల మీద, అమ్మా. దేవుడు అడగలేదు. నేను అడిగాను."

మీటకు అడ్డంగా నిలబడ్డాను. ఆమె నన్ను నెట్టింది. రెండోసారి నెట్టింది. నేను కదలలేదు. మూడోసారి చెయ్యి ఎత్తి, దించేసి, వెళ్లిపోయింది. ఆమె వెనక సంఘంలో సగం మంది వెళ్లిపోయారు.

8. మూడు రాడ్లు. విశ్రాంతి దినాన నేను పని చేస్తున్నాను. ముల్లు చూడ్డం, స్విచ్చు వేయడం. సలోమి పెట్టె మీద చెయ్యి పెట్టి వేడి చూస్తోంది. పోలయ్య స్టూలు మీద కూర్చుని లస్కరులాగా కేకేస్తున్నాడు: "ఎక్కుతోంది! ఒకటెయ్యి!"

10. ఆరు. అరుగు ఊగుతోంది. రెక్కల చప్పుడు ఒకటే హోరు. మూలుగు లేదు.

11. తొమ్మిది. ఒక స్విచ్చు మెల్లగా తీశాను. నీలం నిప్పు జానెడు సాగింది. చొక్కా చెయ్యి కాలింది. "టక్కున అన్నాను కదా మావయ్యా!" అని అరిచింది సలోమి. అరిచాక ఏమన్నదో తనకే తెలిసి మొహం తిప్పుకుంది. నేనూ మీటరు వైపు తిరిగాను.

11.40. పదీ వేశాం. ముల్లు గీత మీదే ఉంది.

12. గీత దాటింది. వేయడానికి ఇంకేమీ లేదు. మంచినీళ్ల మిషను కూడా వేసేశాం. ఉన్న దీపాలన్నీ వేశాం, పట్టపగలు. పోలయ్య కేకలు ఆపేశాడు. కుంకుమ గీతకూ ముల్లుకూ మధ్య వేలెడు సందు, పెరుగుతోంది. సలోమి అంది: "ఇంకో అంగుళం జరిగితే మీట దానంతటదే పడిపోద్ది. బ్యాటరీలు పేలకుండా దానికా ఏర్పాటుంది." అది పడితే ఆరు తలుపులూ పోతాయి.

నేను మోకరించలేదు. చేతులు స్విచ్చుల మీద ఉన్నాయి.

తలుపు తోసుకుని దెబోరమ్మ వచ్చింది. చీరంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో పాత చీర మూట. విప్పింది. రాడ్డు. పిడి దగ్గర గళ్ల గుడ్డ చుట్టి ఉంది, చెయ్యి కాలకుండా ఎవరో ఎప్పుడో చుట్టుకున్నది.

సలోమికి ఇచ్చింది. నాకు కాదు.

"పని చేస్తదో లేదో. ముప్పై మూడేళ్లయింది."

సలోమి రెండు తీగలు కొరికి ఒలిచి ముడేసింది. డ్రమ్ములోకి దించింది. స్విచ్చు లేదు, చేత్తోనే ఆనించాలి. ఆనించింది. చిటపటలాడింది. అందరం ముల్లు వైపు చూశాం.

ఆగింది. ఒక ఊపిరి సేపు అక్కడే నిలబడి, వెంట్రుకవాసి వెనక్కి వచ్చింది.

"దిగుతోందహో!" అని పోలయ్య స్టూలు మీద నుంచి దూకాడు.

4. ఐదు రాడ్లు. గాలి తగ్గుముఖం. డ్రమ్ము మరుగుతోంది, గదంతా ఆవిరి. దెబోరమ్మ మూల కూర్చుని ఉంది, వెళ్లలేదు.

అక్టోబరు 18, సోమవారం

సలోమి పెట్టె తెరిచింది. ఒక్కో తలుపునూ వేలితో తాకింది. ఆరూ బాగున్నాయి. గుడ్డసంచిలో ఆ ఒక్కటీ అలాగే ఉంది. నీళ్లు మళ్లీ తలకు నాలుగు చెంబులు.

నిన్న జరగని బల్ల ఈ రోజు పెట్టాం. మొదటి రొట్టె సలోమికి ఇవ్వమని దెబోరమ్మ చేతిలో పెట్టి, నేను బయట నిలబడ్డాను. సలోమి ఎన్ని వారాలు నిలబడిందో అన్ని వారాలు నేనూ నిలబడతాను. పోలయ్య తోడు వచ్చాడు. "నేనెప్పుడూ బయటే కదా బావా, ఇక్కడే సల్లగా ఉంటాది" అన్నాడు. రోజుకో తునక ఎండుచేప కూడా ఇస్తానన్నాడు.

ఈ పుస్తకం రేపటి నుంచి సలోమి రాస్తుంది. అప్పజెబుతూ, కారణం గడిలో చూసినది మాత్రమే రాయమన్నాను.

"చూడంది?"

"ఖాళీగా వదిలెయ్."

"అయితే చాలా ఖాళీలుంటాయి మావయ్యా."

"ఉండనీ."

ఈ మాట రాస్తుండగా కిటికీలోంచి కనిపిస్తోంది. దెబోరమ్మ డ్రమ్ము దగ్గరకు వచ్చింది. నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, వేలు ముంచి చూసింది. చెంబు నిండా ముంచుకుంది. అరుగు అంచున ఉన్న కమ్మీ దగ్గరకు నడిచింది. వాళ్లమ్మను మేం సముద్రానికి ఇచ్చింది అక్కడే. వంగి, తల మీద పోసినట్టు నెమ్మదిగా, కొంచెం కొంచెంగా, ఆ వేన్నీళ్లు కిందికి పోసింది.

తర్వాత ఇంకో చెంబు కోసం వెనక్కి వచ్చింది.